పెరటి ప్రశ్నలు: అమెరికా ‘నీలి’, మన నీలి ఒకటేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే మొక్క చుట్టూ తిరిగాయి. అయిదు అమెరికాలోని మన పాఠకులవి, ఒకటి హైదరాబాదు నుంచి వచ్చింది. అందుకని ఈ సంచికలో మిగతా మొక్కలను పక్కనబెట్టి, అక్కడి నర్సరీలలో ‘బ్లూ ఫాల్స్ ఇండిగో’ (నీలం పువ్వుల ‘ఉత్తుత్తి నీలి’ అని అర్థం) పేరుతో అమ్ముతున్న బాప్టిసియా గురించే జవాబులిస్తున్నాం. మొదటి ఉత్తరానికి జవాబు కొంచెం పొడవైంది. అందులో చెప్పిన సంగతులను తరువాతి జవాబుల్లో మళ్ళీ చెప్పలేదు కనుక మిగిలినవారు కూడా దానిని ముందుగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: మేము ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర ఉంటున్నాము. నిరుడు మే నెలలో ‘బ్లూ ఫాల్స్ ఇండిగో’ అని చీటీ కట్టిన మొక్కను కొన్నాను. పూర్వం దీనితో బట్టలకు రంగు వేసేవారని ఆ చీటీ మీదే రాసి ఉంది. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. తన చిన్నతనంలో చూసిన నీలి చేల గురించి మా జేజి చెబుతుండేది. ఆ పేరు చూసి ఆశపడి తెచ్చి నాటుకున్నాను. ఏడాది దాటినా రెండడుగులకు మించి ఎదగలేదు, ఒక్క పువ్వూ పూయలేదు. ఇది మా ఊరి నీలిచెట్టేనా? పూతకు ఏ ఎరువు వేయాలి?
— పాఠకురాలు, కొలంబస్

జవాబు: ముందుగా పేరు సంగతి తేల్చుకుందాం. మీరు తెచ్చుకున్నది బాప్టిసియా ఆస్ట్రాలిస్. కడప సీమలో పండిన నీలిచెట్టు, కొన్నిచోట్ల అవిరి అని కూడా పిలిచేది, ఇండిగోఫెరా టింక్టోరియా. రెండూ కంది, చిక్కుడు, వేరుశనగ కుటుంబానికే చెందినవి కాబట్టి దాయాదులనవచ్చు గాని, రెండూ ఒకటి కావు. ఆకు చూస్తే తేడా తెలిసిపోతుంది. మీ మొక్కకు మెంతి ఆకులాగా మూడేసి రెక్కలు ఉంటాయి, వాటి మీద పల్చగా బూడిద పూసినట్టు నీలిచాయ ఉంటుంది. మన నీలి ఆకు వెంపలి ఆకును పోలి, ఒకే ఈనెకు ఇరువైపులా వరుసగా చిన్న రెక్కలతో ఉంటుంది. పువ్వుల్లో తేడా ఇంకా ఎక్కువ. మన నీలికి ఆకుల చాటున లేత గులాబి రంగులో చిన్న చిన్న పువ్వులు పూస్తాయి. వాటి కోసం దానిని ఎవరూ పెంచరు. బాప్టిసియాకు కొమ్మ చివర అడుగు పొడవున గెల నిలబడి, జనుము పువ్వు ఆకారంలో, అయితే పసుపుకు బదులు ఊదా కలిసిన నీలంలో, అంగుళం వెడల్పు పువ్వులు వరుసగా విచ్చుకుంటాయి. అమెరికా తోటల్లో దానికి ఉన్న గిరాకీ అంతా ఆ గెలల వల్లనే. అక్కడి బహువార్షిక మొక్కల సంఘం 2010లో దీనిని ఆ ఏటి మేటి మొక్కగా ఎంచుకున్నది కూడా పువ్వును, మొండితనాన్ని చూసే.

పేరులో మాత్రం అద్దకం ఉంది. ముంచడం, రంగులో తడపడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి బాప్టిసియా వచ్చింది. క్రైస్తవులు వాడే బాప్తిస్మం అనే మాటకూ మూలం అదే. ఆస్ట్రాలిస్ అంటే దక్షిణాదిది అని అర్థం, ఆస్ట్రేలియాతో దానికి సంబంధం లేదు. ఈ మొక్క పుట్టిల్లు అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాలే. అక్కడి చెరోకీ ప్రజలు దీని నుంచి నీలిరంగు తీసేవారు, వారిని చూసి ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవారు నేర్చుకున్నారు. దీని దాయాదే అయిన, పసుపు పువ్వులు పూసే బాప్టిసియా టింక్టోరియాను కూడా అదే పనికి వాడారు. ఆ పచ్చి కొమ్మలను గుర్రాల జీనుకు కట్టి జోరీగలను తోలేవారట.

అయితే ఈ మొక్కలో రంగు చాలా తక్కువ. బుట్టెడు ఆకు నానబెట్టినా వచ్చేది వెలిసిపోయినట్టుండే నీలమే. అసలైన నీలి దొరకని రోజుల్లో దొరికిన దానితో సరిపెట్టుకోవడమే తప్ప, దీనితో వ్యాపారం చేసి బాగుపడినవారు లేరు. దక్షిణ కరొలైనాలో ఎలైజా లూకస్ అనే అమ్మాయి 1739లో, పదహారేళ్ళ వయసులో తండ్రి భూముల బాధ్యత తీసుకున్నప్పుడు, పెరట్లో మొలిచే ఈ మొక్కను నమ్ముకోలేదు. తండ్రి ఆంటిగువా దీవి నుంచి పంపిన అసలు నీలి విత్తనాలు తెప్పించుకుని, కొన్ని పంటలు పాడయ్యాక 1744 నాటికి పండించగలిగింది. ఆ పనిలో చెమటోడ్చినదీ, రంగు తీసే పనితనం చూపినదీ బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు. బ్రిటిష్ పార్లమెంటు 1748లో పౌను (దాదాపు అర కిలో) నీలిమందుకు ఆరు పెన్నీల ప్రోత్సాహకం ప్రకటించాక, 1775 నాటికి ఆ ప్రాంతం నుంచి ఏటా పది లక్షల పౌన్లకు పైగా నీలిమందు ఓడలెక్కింది. అమెరికా స్వతంత్రం కాగానే ఆ ప్రోత్సాహకం పోయింది, ఇంగ్లండు తన నీలం కోసం మన దేశం వైపు తిరిగింది. బెంగాలులో, బీహారులో ఆ తరువాత రైతులు పడిన పాట్లు మనకు తెలిసినవే. మన కడప నీలిమందు కూడా ఆ రోజుల్లో లండను బజారులో ‘కర్పా’ అనే పేరుతో వేలానికి వచ్చేది. మీ జేజి చూసిన చేలకూ, మీరిప్పుడున్న దేశపు చరిత్రకూ లంకె ఉంది, కాకపోతే అది మీ పెరట్లో ఉన్న మొక్క గుండా పోయేది కాదు.

ఇక పూత సంగతి. మీ మొక్కకు జబ్బేమీ లేదు. బాప్టిసియా మొదటి రెండేళ్ళూ పైన కనబడే పని చేయదు, వేరు దింపుకుంటుంది. నేలలోకి లోతుగా దిగే ఆ తల్లివేరు కుదురుకున్న తరువాతే కొమ్మలు బలంగా లేస్తాయి. గింజ నుంచి పెరిగిన మొక్క మూడో ఏట, ఒక్కొక్కప్పుడు నాలుగో ఏట పూస్తుంది. నర్సరీ వారు పూతతో ఉన్న మొక్కనే అమ్మినా, దానిని కుండీ నుంచి నేలలోకి మార్చినప్పుడు మళ్ళీ ఒకటి రెండేళ్ళు పూత మానేయడం మామూలే. మీది రెండో ఏడు, రెండడుగుల ఎత్తు. లెక్క సరిగ్గానే ఉంది.

ఎరువు వేయవద్దు. ఇది నా అభిప్రాయం కాదు, మొక్క స్వభావం. వేరుశనగ మొక్కను పీకినప్పుడు వేళ్ళకు అంటుకుని కనబడే బుడిపెలు బాప్టిసియా వేళ్ళకూ ఉంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందేలా చేస్తాయి. దాని మీద మనం నత్రజని ఎరువు గుమ్మరిస్తే ఆకు దట్టంగా వచ్చి, కొమ్మలు మెత్తబడి వాలిపోతాయి, పువ్వులు తగ్గుతాయి. నాటేటప్పుడు కొంచెం చివికిన ఆకుల ఎరువు మట్టిలో కలిపి ఉంటే అదే ఎక్కువ.

చేయవలసినవి రెండే. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడుతున్నదో లేదో చూడండి. కంచె నీడలోనో, మేపుల్ చెట్టు కిందనో ఉంటే పూత కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసినా ఫలితం ఉండదు; అలాంటప్పుడు మొక్క ఇంకా చిన్నదిగా ఉన్న ఈ ఏడాదిలోనే చోటు మార్చండి. రెండవది నీరు. వాన లేని వారాల్లో మొదటి ఏడాది వారానికొకసారి నేల లోతుగా తడిసేట్టు పోస్తే చాలు. ఆ తరువాత అది కరువును తట్టుకుంటుంది, కాని వేరు దగ్గర నీరు నిలిస్తే మాత్రం కుళ్ళిపోతుంది. చుట్టూ మూడు నాలుగు అడుగుల చోటు విడిచిపెట్టండి. ఇప్పుడు వెలితిగా అనిపించవచ్చు గాని, అయిదో ఏటికి ఆ గుబురు మూడు నాలుగు అడుగుల ఎత్తున, అంతే వెడల్పున ఆ చోటంతా తనదే అంటుంది.

అక్కడి వ్యవసాయ శాఖ గీసిన శీతల మండలాల పటం ప్రకారం బాప్టిసియా మూడో మండలం నుంచి తొమ్మిదో మండలం దాకా బతుకుతుంది. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన కూడా దాని వేరు చావదు. మీ కొలంబస్ ఆరో మండలం, కాబట్టి చలి గురించి దిగులు లేదు. మంచు పడగానే ఆకులు బొగ్గులా నల్లబడి, కాడలు మొదట్లో విరిగి గాలికి దొర్లుకుంటూ పోతాయి. కొత్తవారు ఆ దృశ్యం చూసి మొక్క చచ్చిందని తవ్వి పారేస్తారు. తొందరపడకండి. చలి తగ్గి నేల వెచ్చబడగానే అక్కడే ముదురు ఊదారంగు మొలకలు బొటనవేలంత లావున, పిలకతోటకూర కాడల్లా కాకుండా ఆస్పరాగస్ కాడల్లా నిటారుగా పొడుచుకొస్తాయి, మూడు నాలుగు వారాల్లో మోకాలి ఎత్తు దాటుతాయి. ఆ రోజుల్లో ఒక చిన్న కాడను గోటితో గిల్లి చూడండి. కారిన రసం గాలి తగిలిన కాసేపటికి నీలంగా నల్లబడుతుంది. రంగుమొక్క అనిపించుకున్న కాలపు గుర్తుగా దానిలో మిగిలింది అదే.

ప్రశ్న: మాది డాలస్. నల్లరేగడి వంటి బంకమట్టి, సున్నం ఎక్కువ. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చల్లని ప్రాంతాల మొక్క ఇక్కడ నిలుస్తుందా?
— పాఠకుడు, డాలస్, టెక్సస్

జవాబు: నిలుస్తుంది, రకం చూసి తెచ్చుకోవాలి. బాప్టిసియా ఆస్ట్రాలిస్‌లోనే ‘మైనర్’ అనే పొట్టి రకం ఉంది. అది కాన్సాస్, ఓక్లహామా, టెక్సస్ పచ్చిక మైదానాలలో సున్నపు నేలల్లో సహజంగా పెరిగేది, రెండడుగుల దగ్గర ఆగిపోతుంది. పసుపు పువ్వు నచ్చితే బాప్టిసియా స్ఫేరోకార్పా మీ రాష్ట్రపు తూర్పు భాగంలో స్వయంగా మొలిచే మొక్కే. కాయ గుండ్రంగా గోలీలా ఉంటుంది. ఈ రెండింటిలో ఏది తెచ్చుకున్నా, తవ్విన గుంటలో ఇసుక మాత్రం నింపకండి. బంకమట్టి మధ్య ఇసుక గుంట పెడితే అది నీళ్ళు నిలిచే తొట్టిగా మారుతుంది. దానికి బదులు ఎనిమిది, పది అంగుళాల ఎత్తు కట్ట పోసి దాని మీద నాటండి. నవంబరు నెల మీకు అనువైన కాలం; వసంతంలో నాటితే వేరు దిగేలోపే ఎండ ముంచుకొస్తుంది. మొదటి వేసవి మధ్యాహ్నం కొంచెం నీడ పడే ఏర్పాటు చేస్తే మంచిది, రెండో వేసవికి అక్కరలేదు.

ప్రశ్న: న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నాము. ఎండ బాగా పడే చోట నాలుగడుగుల వెడల్పు బాప్టిసియా గుబురు ఉంది. జూన్‌లో వాన కొట్టినప్పుడల్లా నడిమికి విచ్చుకుని నాలుగు వైపులా పడిపోతుంది. అక్కడ ఆనప, బీర పందిరి వేయాలని మా అత్తగారి కోరిక. దానిని తవ్వి వేరేచోట నాటవచ్చా?
— పాఠకురాలు, ఎడిసన్

జవాబు: ఈ ప్రశ్నకు ‘వద్దు’ అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవాలని ఉంది గాని, అత్తగారి పందిరి సంగతి కూడా చూడాలి కదా.

నాకు ఇందులో చేదు అనుభవం ఉంది. పెన్సిల్వేనియాలో మా అమ్మాయి వాళ్ళ పెరట్లో పదేళ్ళ గుబురును అక్టోబరు నెలలో తవ్వబోయాము. గడ్డపార దిగుతున్న కొద్దీ వేరు నా మణికట్టు లావున, నల్లగా, కర్రలా గట్టిగా కిందికి పోతూనే ఉంది. రెండడుగులు తవ్వినా చివర దొరకలేదు. చివరికి అల్లుడు రంపం తెచ్చి కోశాడు. నాటిన ముక్కలు మూడింటిలో ఒకటి చచ్చిపోయింది. మిగిలిన రెండూ రెండేళ్ళ పాటు జానెడు కొమ్మలతో అలిగి కూర్చుని, మూడో ఏట మొహమాటానికి అన్నట్టు రెండేసి గెలలు పూశాయి. తవ్విన పాత గుంటలో మిగిలిపోయిన వేరు ముక్క నుంచి మాత్రం మరుసటి ఏప్రిల్‌లోనే పిలకలు లేచాయి.

కాబట్టి నా సలహా ఏమిటంటే, పందిరిని నాలుగైదు అడుగులు జరపగలిగితే పందిరినే జరపండి. ఆనపకు ఏటేటా కొత్త గుంట తవ్వేదే. బాప్టిసియా మాత్రం ఒకచోట కుదురుకుంటే పదుల ఏళ్ళు అక్కడే ఉంటుంది. ఎటువంటి పరిస్థితిలోనూ కుదరదంటే, ఆకులు నల్లబడిన తరువాత గాని, మొలకలు నేల దాటక ముందే మార్చి నెలాఖరులో గాని, రెండడుగుల వెడల్పు మట్టిగడ్డతో సహా లేపి, ప్రతి ముక్కకూ రెండు మూడు మొగ్గలు ఉండేట్టు పదునైన రంపంతో కోసి, ఆలస్యం చేయకుండా నాటండి.

వాలిపోవడం వేరే సమస్య. ఎండ తగినంత పడుతున్నదన్నారు కాబట్టి దానికి కారణం వయసూ, పువ్వుల బరువూ. రెండు మార్గాలున్నాయి. మే మొదట్లో, కొమ్మలు అడుగు ఎత్తున ఉన్నప్పుడే, అక్కడ పియోనీ మొక్కల కోసం అమ్మే మూడు కాళ్ళ ఇనుప వలయాన్ని గుబురు చుట్టూ దించండి. కొమ్మలు పెరిగి వలయాన్ని కప్పేస్తాయి. పడిపోయాక పురికొసతో కట్టగట్టితే చీపురుకట్టలా కనబడుతుంది, ఆ పని చేయవద్దు. రెండో మార్గం, పూత అయిపోగానే మొత్తం గుబురును మూడో వంతు మేర గుండ్రంగా కత్తిరించడం. మిగిలిన కాలమంతా నీలిచాయ ఆకుతో పొదలా నిలబడుతుంది. అయితే కాయలు దక్కవు.

ప్రశ్న: ఇల్లినాయ్ రాష్ట్రం నాపర్‌విల్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఇంటి ముందు మొక్కకు నల్లని కాయలు కాశాయి, ఊపితే గలగలలాడుతున్నాయి. మా మూడేళ్ళ మనవడు వాటిని గిలక్కాయల్లా ఆడుకుంటున్నాడు. ఏమైనా ప్రమాదమా? ఆ గింజలు నాటితే మొలుస్తాయా?
— ఒక నాయనమ్మ

జవాబు: నాయనమ్మ గారూ, కాయలు వాడి చేతిలోంచి తీసుకోండి. పూర్వం అక్కడి పిల్లలు వీటిని గిలక్కాయలుగా ఆడుకున్న మాట నిజమే, ఎండిన గెలలను పూలసజ్జలో పెట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కాని ఈ మొక్కలోని అన్ని భాగాల్లోనూ, గింజల్లో మరీ ఎక్కువగా, సైటిసిన్ వంటి విష పదార్థాలు ఉంటాయి. నోట్లో పెట్టుకుంటే వికారం, వాంతులు, విరేచనాలు రావచ్చు. మూడేళ్ళ పిల్లవాడికి కాయ పగలగొట్టి గింజ నమలడం ఎంతసేపు? మింగాడని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం ఇంట్లో చేయక, వెంటనే వైద్యుణ్ణి సంప్రదించండి. చిక్కుడు కాయలా ఉంది కదా అని కూర చేయబోయినవారు లేకపోలేదు కనుక ఈ మాట పెద్దలకు కూడా వర్తిస్తుంది. ఆ పదార్థాల చేదు వల్లనే జింకలు, కుందేళ్ళు కూడా సాధారణంగా దీని జోలికి రావు.

గింజలు మొలుస్తాయి, మీకు దొరికితే. కాయను వెలుగులో పట్టుకుని చూడండి. సూదిమొనంత రంధ్రం ఉంటే లోపల ముక్కుపురుగు చేరి గింజలను పొడి చేసిందని అర్థం. గలగల శబ్దం వస్తున్న కాయల్లో నాలుగైదు మంచి గింజలు మిగిలి ఉండవచ్చు. వాటి పైతొక్క రాయిలా గట్టిది. గరుకు కాగితం మీద రెండు మూడు సార్లు రుద్ది, కాగి దించిన వేడినీళ్ళలో వేసి ఒక రాత్రంతా వదిలేయండి. ఉబ్బినవి మొలకెత్తడానికి సిద్ధంగా ఉన్నాయి. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి. ఉబ్బిన గింజలను అక్టోబరు నెలాఖరులో బయట పెట్టిన కుండీలో పావు అంగుళం లోతున వేసి, మీ కోడలికి ‘మంచు కింద ఉండనివ్వమ్మా, లోపలికి తేవద్దు’ అని చెప్పి రండి. ఆ చలి వాటికి అవసరం. వసంతంలో మొలకలు వస్తాయి. వేరు త్వరగా కిందికి పోతుంది కాబట్టి లోతైన కుండీ వాడడం మంచిది, ఆ మరుసటి ఏటికల్లా స్థిరమైన చోటుకు మార్చాలి. ప్రత్యేకమైన పేరుతో అమ్మే సంకర రకపు గింజ అయితే పిల్లమొక్క పువ్వు తల్లి రంగులోనే ఉంటుందని నమ్మకం లేదు.

ప్రశ్న: ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి సైన్సు ప్రాజెక్టు కోసం బాప్టిసియా ఆకులతో చేతిరుమాలుకు నీలిరంగు వేయాలనుకుంటోంది. పద్ధతి చెప్పగలరా?
— పాఠకుడు, రాలీ, ఉత్తర కరొలైనా

జవాబు: మొదటి జవాబులో చెప్పినట్టు దీనిలో రంగు తక్కువ. రుమాలు బూడిదరంగుకు తిరిగి అమ్మాయి నిరుత్సాహపడుతుంది, పైగా విషమున్న ఆకును ఇంటి మిక్సీలో వేయడం నాకు ఇష్టం లేదు. పిల్లలకు నీలం పుట్టడం చూపించాలంటే జపాన్ నీలి అని అమ్మే పెర్సికేరియా టింక్టోరియా తెచ్చుకోండి. మీ వాతావరణంలో అది ఏకవార్షికం, మంచు తాకితే పోతుంది. ఏడాది దాటిన విత్తనం సరిగా మొలవదు కాబట్టి కొత్త విత్తనమే కొనండి. ఏప్రిల్‌లో విత్తి, మంచు భయం పోయాక బయట నాటితే జూలై నాటికి కోతకు వస్తుంది. పువ్వు రాకముందే కోయాలి.

అది కోసిన రోజు పొయ్యి అక్కరలేదు, మంచుగడ్డలు కావాలి. పట్టుగుడ్డ బరువుకు మూడింతల పచ్చి ఆకులను మంచునీళ్ళతో మిక్సీలో ఒక నిమిషం తిప్పి, పల్చని గుడ్డలో వడకట్టి, ముందే తడిపి పిండిన తెల్ల పట్టుగుడ్డను ఆ పచ్చరసంలో వెంటనే ముంచాలి. పావుగంట సేపు కదుపుతూ ఉండి బయటికి తీస్తే ఆకుపచ్చగానే ఉంటుంది. గాలికి ఆరవేసి చూస్తుండగా అంచుల నుంచి మొదలై నెమలికంఠం రంగుకు తిరుగుతుంది. నూలు రుమాలైతే ఈ పద్ధతిలో పట్టదు, పట్టు గాని ఉన్ని గాని కావాలి.

అమ్మాయి ప్రాజెక్టులో రాసుకోవలసిన కారణం ఇది. ఆకులో నీలం ఉండదు, ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు అందులోని ఎంజైము దానిని విడగొట్టి ఇండాక్సిల్‌గా మారుస్తుంది, అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఇండిగో అవుతుంది. చల్లదనం ఆ మార్పును నెమ్మదింపజేసి, రంగు నీళ్ళలోనే పుట్టి వృథా కాకుండా, పోగులోకి ఇంకిన తరువాత పుట్టేలా చేస్తుంది. ఇదే ఇండిగోను అడోల్ఫ్ ఫాన్ బేయర్ 1880లో ప్రయోగశాలలో తయారుచేశాడు. జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ 1897లో దానిని బజారుకు తెచ్చిన తరువాత మొక్క నీలిమందు వ్యాపారం కుప్పకూలింది. అమ్మాయి తొడుక్కునే జీన్సు రంగు సాధారణంగా ఆ ఫ్యాక్టరీ ఇండిగోయే.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా చెల్లెలు బాప్టిసియా పువ్వుల ఫోటోలు పంపింది, వచ్చేటప్పుడు గింజలు తెస్తానంటోంది. హైదరాబాదులో మేడ మీద పెంచవచ్చా? మా ఇంట్లో తెల్లబట్టలకు పెట్టే నీలిమందు కూడా ఇలాంటి మొక్కదేనా?
— పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తేవద్దని చెప్పండి. బాప్టిసియా వేరు శీతకాలంలో కొన్ని వారాల పాటు చలిలో నిద్రపోవాలి. హైదరాబాదు డిసెంబరు దానికి సరిపోదు. గింజ మొలిచినా మొక్క ఏటేటా నీరసించి పోతుంది. అంతకన్నా ముఖ్యం, మనదేశపు 2003 నాటి మొక్కల దిగుమతి ఉత్తర్వు ప్రకారం విత్తనాలు తేవాలంటే అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువీకరణ ఉండాలి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకునేవి కావు. కడప నుంచి నీలి గింజలు అమెరికాకు పట్టుకెళ్ళే వారికి అక్కడి నిబంధనలు కూడా అలాంటివే.

తెల్లబట్టల నీలిమందుకు పేరే మిగిలింది. పొడిగా వచ్చేది అల్ట్రామెరైన్ అనే ఖనిజపు రంగు, ఇప్పుడు ఫ్యాక్టరీలలో చేస్తారు. సీసాలో వచ్చే ద్రవం మరో కృత్రిమ రంగు. రెండింటిలోనూ మొక్క లేదు.

మీ మేడ మీద మన నీలినే పెంచండి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి నీలం ఆ ఆకుదే, తలకు గోరింటాకు తరువాత పెట్టుకునే నీలి ఆకు పొడీ దానిదే. వానలు మొదలయ్యాక జూన్, జూలైలలో విత్తాలి. దీని గింజ తొక్కా గట్టిదే కాబట్టి ఇసుకతో కొంచెం నలిపి, రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. అడుగు లోతు, అడుగు వెడల్పు ఉన్న కుండీకి ఒక మొక్క చాలు. ఎర్రమట్టి, ఇసుక, కొంచెం పశువుల ఎరువు కలిపి నింపి, అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. వాననీరు ఒక్కరోజు నిలిచినా ఆకు పండి రాలుతుంది. మూడు నెలలకు నడుము ఎత్తు వస్తుంది. మొగ్గ కనబడుతున్న సమయంలో, తెల్లవారుజామున, నేల నుంచి జానెడు మోడు మిగిల్చి కోయండి. ఆకులో రంగు నిండుగా ఉండేది అప్పుడే. మోడు మళ్ళీ చిగురించి రెండో కోత ఇస్తుంది. ఒక కొమ్మను మాత్రం కోయకుండా వదిలేస్తే గులాబి పువ్వులు పూసి, కొడవలిలా వంగిన సన్నని కాయలు కాస్తాయి. అవి గోధుమరంగుకు తిరగగానే, పగిలి చెదిరిపోక ముందే, పొద్దున మంచు తడి ఆరకుండా ఉన్నప్పుడు తెంపి కాగితపు సంచిలో వేసుకోండి.